నేను వండని మిషీరా

పాలసీసా కడగడంలో అసలు కష్టమంతా పీక దగ్గరే. నూనె కలిపిన పాలు కాబట్టి రబ్బరుకు లోపల జిడ్డు పట్టేస్తుంది. వేలికి గుడ్డ చుట్టుకుని తిప్పాలి, మరిగే నీళ్ళలో వెయ్యాలి, ఎండలో బోర్లించాలి. ఒక్కపూట బద్ధకించామంటే పిల్లకు పొట్ట ఉబ్బుతుంది. మనిషి పిల్లయితే నొప్పని ఏడుస్తుంది. ఎద్దు చేప పిల్ల ఏడవదు, మునగలేక నీళ్ళ మీద తేలిపోతుంది. తేలిందంటే సగం పోయినట్టే. అందుకని నేను పీకలు కడిగేటప్పుడు ఎవరు పిలిచినా పలకను.

మా నదిలో దాని పేరు ఎద్దు చేపే. చేటంత తోక, మీసాల మూతి, గడ్డి తప్ప ఇంకేదీ తినని సాధుజంతువు. చంకల కింద రొమ్ములుంటాయి, పిల్లను పక్కన పెట్టుకుని పాలిస్తుంది. అయినా ఆడది కూడా ఎద్దు చేపే. పాలిచ్చేదానికి ఎద్దని పేరు పెట్టినవాళ్ళు మగవాళ్ళు కాక ఇంకెవరు అయ్యుంటారు?

ఆ రోజు వెనక చెక్కల మీద కూర్చుని పీకలు కడుగుతుంటే మా ఆయన వాల్డెసిర్ మోటారు పడవ వచ్చి ఇంటికి తగిలింది. మావి దుంగల మీద తేలే ఇళ్ళు, ఏ పడవ ఆనినా గిన్నెలన్నీ గలగలమంటాయి. ఎద్దు చేపల వేట మానమని ఎగువ ఊరిలో ఉపన్యాసం చెప్పి వస్తున్నాడు. వాటిని కాపాడే సంస్థవాళ్ళిచ్చిన చొక్కా వేసుకున్నాడు, "నిన్న వేటగాడు, నేడు రక్షకుడు" అని రొమ్ము మీద రాసి ఉన్నది. వచ్చీ రాగానే బల్ల మీద ఒక డబ్బా పెట్టాడు.

"కాస్త వేడి చేసి పెట్టవే. పెండలం పిండిలో కలుపుకుని తింటే బాగుంటుంది."

మూత తియ్యకముందే నాకు తెలిసిపోయింది. ఆ వాసన ముక్కుకు కాదు, మోచేతులకు తెలుస్తుంది. మిషీరా. ఎద్దు చేప మాంసాన్ని దాని కొవ్వులోనే వేయించి, ఆ కొవ్వుతోనే డబ్బాలో పోసి మూసేస్తారు. అలా చేస్తే నెలల తరబడి పాడవదు. చెయ్యకపోతే మా ఎండకు ఒక్కరోజు కూడా ఆగదు.

ఇంటి పక్కనే నీళ్ళలో కట్టిన చెక్క గూటిలో ఇంగా గడ్డి నములుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఇంగా నేను పెంచుతున్న పిల్ల. తోక మొదట్లో తాడుతో కట్టిన గాయంతో వచ్చింది. పిల్లను తాడుతో కట్టి నీళ్ళలో వదిలితే అది పిలుస్తుంది, తల్లి వస్తుంది, బల్లెం వెయ్యొచ్చు. ఆ తాడు ఎముక దాకా కోసుకుపోయింది. రోజూ మందు పూసి, రెండు గంటలకొకసారి నడుం లోతు నీళ్ళలో దిగి సీసా పట్టి, వారానికోసారి గుడ్డ ఊయలలో వేసి తూచి, పాలు మాన్పించి గుర్రపుడెక్క, నీటి గడ్డి అలవాటు చేసి, ఇంత దాన్ని చేశాను. ఇప్పుడు ఒక్కపూటే పాలు. నీరు ఇంకొంచెం పెరగ్గానే వదిలెయ్యాలి. వదిలేది ఎగువ సరస్సు మొగలో. అక్కడే గడ్డి మేత దొరికేది.

అంటే ఈ డబ్బా ఏ ఊరి నుంచి వచ్చిందో ఆ ఊరి ముంగిట్లోనే.

"ఇది ఎక్కడిది?" అన్నాను.

"ఎక్కడిదైతే ఏం. మర్యాద చేశారు. పెద్దమనిషిని పిలిచి ఉత్త చేతులతో పంపుతారా?"

"నువ్వు అక్కడికి ఏం చెప్పడానికి వెళ్ళావు?"

"నేను చంపలేదుగా. చచ్చినదాన్ని తింటే పాపమేంటి? పారేస్తే పాపం." గుమ్మడికాయ దొంగ అనకముందే భుజాలు తడుముకున్నాడు. "సంస్థ డాక్టరమ్మతో అనకు. ఆమెకు ఇవన్నీ అర్థం కావు."

ఊయలలో పడుకున్న మా అత్త జుల్మీరా ముక్కు ఎగబీల్చింది. "వేడి చెయ్యవే తల్లీ. ఆ వాసన చూసి ఎన్నేళ్ళయిందో."

"కొత్తదేనా?" అని అడిగాను మా ఆయన్ని.

"ఇంకా గోరువెచ్చగానే ఉంది, ఇంటింటా ఉన్నాయి డబ్బాలు," అన్నాడు గొప్పగా. తర్వాత నాలుక కరుచుకున్నాడు.

ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడిందట. మా ఇంటి బల్లి పడటమే కాదు, కుడితి డబ్బాలో పోయించుకుని ఇంటికి కూడా తెచ్చింది.

ఆయన ఉపన్యాసం నాకు కంఠస్థం. తెఫే పట్నం నుంచి పడవల్లో వచ్చే విద్యార్థులకు చెబుతాడు, చర్చిలో చెబుతాడు, కెమెరాలు పట్టుకుని వచ్చేవాళ్ళకు చెబుతాడు. "ఈ చేతులతో ఎన్ని చంపానో లెక్కలేదు. ఒకనాడు ఓ పెద్ద ఆడదాన్ని కొట్టాను. ఊపిరాడకుండా ముక్కుల్లో చెక్క బిరడాలు దిగ్గొట్టాను. పడవకు కట్టి తెస్తుంటే దాని పిల్ల వెంటపడి ఏడ్చింది. ఆ ఏడుపు నా గుండెను కోసేసింది. ఆ రోజే బల్లెం విరిచేశాను." ఇక్కడ ఒక్క క్షణం ఆగి కుడి కన్ను తుడుచుకుంటాడు. ఎడమ కన్ను ఎప్పుడూ తుడుచుకోడు. వినేవాళ్ళు బొటబొటా ఏడుస్తారు. మా సరస్సులో మొసళ్ళకు లోటు లేదు, ఇన్నేళ్ళలో ఒక్కటీ ఏడవగా నేను చూడలేదు. తర్వాత అందరూ ఆయనతో ఫొటోలు దిగుతారు. నేను కాఫీ తెస్తాను. "ఈవిడ మా ఆవిడ, కాస్త సాయం చేస్తూ ఉంటుంది," అంటాడు. సంరక్షకుడన్న ఉద్యోగం ఆయన పేరు మీదే ఉంది. ఆయన ఇంతవరకు ఆ గూటి నీళ్ళలో కాలు పెట్టలేదు.

సొమ్మొకడిది సోకొకడిది అంటారు. దానికి కూడా అలవాటు పడ్డాను. కానీ ఒక్కటి మాత్రం పంటి కింద రాయిలా ఉండిపోయింది. చంపి చంపి మానేసినవాడు మహాత్ముడు. జన్మలో చంపనిదానికి ఏ కథా ఉండదట. మానేసిన కథలో నా పేరు లేదు. ఆ కథ జరిగిందే నా పొయ్యి దగ్గర.

బల్లెం విసిరేది ఒక్క క్షణం. తరవాత చాకిరీ అంతా ఆడవాళ్ళది. అంత పెద్ద ఒంటిని చెక్కల మీదికి లాగి, తోలు ఒలిచి, కొవ్వు పొరలు పొరలుగా కోసి కరిగించి, ముక్కలు వేయించి, అడుగంటకుండా తెడ్డుతో తిప్పుతూనే ఉండాలి, పగలూ లేదు రాత్రీ లేదు. కొవ్వు చిట్లి చేతుల మీద పడుతుంది. మా అత్త మోచేతుల దాకా ఆ మచ్చలే. మా ఊళ్ళ ఆచారం ప్రకారం కొట్టినవాడి పెళ్ళామే పొయ్యి రాజెయ్యాలి. ఆమె అగ్గి వేశాకే మిగతా ఆడవాళ్ళు కత్తులు తీస్తారు, అంతా అయ్యాక తమ వాటా తీసుకుంటారు. ముందుగా ఎవరు చెయ్యి వేసినా దొంగతనం కిందే లెక్క.

అప్పుడు మా అమ్మాయికి నెలల వయసు. చంకలో బిడ్డ, చేతిలో కత్తి. ఆయన తెచ్చిన ఆడదాన్ని పక్కకు తిప్పి చంక కింద కోశాను. పాలు వచ్చాయి. రక్తం కాదు, ముందు పాలు. తెల్లగా, చిక్కగా చెక్కల సందుల్లోంచి నీళ్ళలోకి కారాయి. ఆ వాసనకో, చంకలో బిడ్డ కదిలిందనో, నాకూ చేపు వచ్చి రవిక తడిసిపోయింది. కింద దాని పాలు, పైన నా పాలు. నాకు జాలి వేసిందని చెబితే అబద్ధం. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో కూడా తెలియనంత కోపం. కత్తి కడిగి చూరులో పెట్టి, వెళ్ళి ఊయలలో కూర్చుని బిడ్డకు రొమ్మిచ్చాను.

"పొయ్యి రాజెయ్యవేం?" అన్నాడు ఆయన.

"వెయ్యను."

"ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది. వెయ్యను."

మొదట నవ్వాడు. తర్వాత అరిచాడు. తర్వాత చెయ్యెత్తాడు, చంకలో బిడ్డ ఉందని దించాడు. మా అత్త, "మగాడు ప్రాణాలకు తెగించి తెస్తే ఆడదానికి అగ్గిపుల్ల గీయడానికి ఒళ్ళు బరువా? మా అమ్మ చేసింది, నేను చేశాను, నీకేమైనా కొమ్ములున్నాయా?" అంది. ఊరి ఆడవాళ్ళు కత్తులు పట్టుకుని వచ్చి వరసగా నిలబడ్డారు. నేను కదల్లేదు, వాళ్ళూ కదల్లేదు. సాయంత్రానికి ఎవరి కత్తి వాళ్ళు తీసుకుని వెళ్ళిపోయారు. మర్నాడు మధ్యాహ్నానికి అది ఉబ్బి పగిలింది. కంపు ఊరంతా కమ్మేసింది. రాబందులు మా ఇంటి కప్పు మీద కూర్చున్నాయి. మా ఆయన ముక్కుకు గుడ్డ కట్టుకుని దాన్ని నది నడుమకు లాక్కెళ్ళి వదిలేస్తుంటే మగవాళ్ళంతా గట్టున నిలబడి నవ్వారు. ఆ వేసంగిలో ఇంకొకటి కొట్టుకొచ్చాడు. అదీ అంతే అయింది. మూడోదానికి వెళ్ళలేదు.

అదీ ఆయన గుండె కరిగిన వైనం.

బల్లెం విరిచింది మాత్రం నిజమే. కంపు కొట్టిన కోపంలో నన్ను కొట్టలేక దాన్ని స్తంభానికేసి కొట్టాడు.

బల్ల మీద డబ్బా, ఎదురుగా మా ఆయన, చేతిలో పీక. ఆ పాత సంగతులన్నీ ఒక్కసారిగా తలలో తిరిగాయి. నన్ను భయపెట్టింది ఆ డబ్బా కాదు. ఇంటింటా ఉన్నాయన్న మాట. ఇంగాకు మనిషంటే భయం ఉండకూడదని కాదు, ఉండాలి. అందుకే దాని దగ్గర మాట్లాడం, ముద్దుచెయ్యం, సీసా పట్టేటప్పుడు కళ్ళలోకి కూడా చూడం. కానీ నా వేలి వాసన అది ఇంకా మరిచిపోలేదు. సరస్సు మొగలో ఏ పడవ నీడ పడినా దానికి పాలనే అనిపించొచ్చు. ఆ ఊళ్ళో పొయ్యిలు ఇలా మండుతుంటే అది ఒక్క వరద కూడా బతకదు.

మర్నాడు పొద్దున తూకానికి డాక్టర్ హెలోయీజా వచ్చింది. మంచి పిల్ల, బురదలో దిగడానికి వెనకాడదు. ఇంగాను ఊయలలో పట్టుకుని ఉండగా చెప్పేశాను, డబ్బా సంగతీ, ఇంటింటా ఉన్న సంగతీ. మా ఆయన గుమ్మంలోనే ఉన్నాడు. ఉంటే ఉండనీ అనుకున్నాను.

ఆమె మొహం పాలిపోయింది. "వాల్డెసిర్ గారు చెప్పాక కూడానా? అందరూ ఏడ్చారన్నారే."

"ఏడుపుకేం, ఏడుస్తారు. ఏడ్చి, పొద్దున్నే బల్లెం తీసుకుని వెళ్తారు."

"అయితే ఇంకోసారి పంపుదాం అక్కా. ఈసారి వీడియో కూడా చూపిద్దాం."

"మగవాళ్ళ గుండెలు కరిగేదాకా ఇంగా ఆగదు. నేను వెళ్తాను. ఆడవాళ్ళతో మాట్లాడతాను."

డాక్టరమ్మ నా వంక చూసి, వెంటనే మా ఆయన వంక చూసింది. "మరి వాల్డెసిర్ గారూ, మీరు ఒప్పుకుంటారా?"

నాకు ఒళ్ళు మండింది. ఇంత చదివిన పిల్ల, నేను నా నోటితో ఒక మాట చెప్పడానికి ఆయన సెలవు అడుగుతోంది. "ఆయన్ను అడగక్కర్లేదమ్మా," అన్నాను. "వెళ్ళేది నేను."

"ఆడవాళ్ళకేం తెలుసే వేట సంగతి?" అని మా ఆయన గొంతు పెంచాడు. "నా పరువు తీసి ఊరి మీద ఆరేస్తావా? అక్కడ నేను ఏం చెప్పానో తెలుసా నీకు?"

"తెలుసు. కుడి కన్ను తుడుచుకునే చోటు కూడా తెలుసు."

డాక్టరమ్మ తల తిప్పుకుంది. నవ్వు ఆపుకోడానికేనని నా అనుమానం.

"మరి దీనికి ఎవరు పడతారు సీసా?" అన్నాడు చివరికి, గెలిచానన్నట్టు.

"సంరక్షకుడివి నువ్వు కదా." సీసా తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. "నీళ్ళలో దిగాలి, గట్టు మీంచి కాదు. పీక నీళ్ళలోపలే ఉంచాలి. గడ్డి మూడు పడవలు కొయ్యాలి. దాని దగ్గర మాట్లాడకూడదు."

"మాట్లాడకుండా ఎలా?"

"అదే నీకు కష్టం. అలవాటు చేసుకో."

దోనె విప్పుతుంటే మా అత్త కర్ర పట్టుకుని చెక్కల అంచు దాకా వచ్చింది. తిడుతుందనుకున్నాను. తన తాటాకు టోపీ నా నెత్తిన పెట్టింది. మచ్చల చేతులు నా మొహానికి దగ్గరగా ఉన్నాయి. "నువ్వు ఆ రోజు వెయ్యనన్నప్పుడు నాకు ఎందుకంత మంటెత్తిందో తెలుసా?" అంది మెల్లగా. "అలా అనొచ్చని నాకు ఎవరూ చెప్పలేదే."

తెడ్డు వేస్తూ దారంతా ఆ మాటే తలచుకున్నాను. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నేను రెండు కళ్ళూ తుడుచుకున్నాను.

ఎగువ ఊరి రేవులో ఆడవాళ్ళు బట్టలు ఉతుకుతున్నారు. నన్ను చూసి జొవెలీనా లేచి నిలబడింది. ఆమె మొగుడు అడెమార్ ఆ సరస్సుకంతా పేరున్న బల్లెంగాడు. "రా వదినా, రా. నీ మొగుడు నిన్న మమ్మల్ని ఎంత ఏడిపించాడో. మా ఆయన కూడా ముక్కు చీదాడు తెలుసా."

"చీది?"

"చీది తెల్లారి వేటకెళ్ళాడు." అందరూ నవ్వారు. జొవెలీనా మోచెయ్యి మీద కొత్త బొబ్బ, ఇంకా తడి ఆరలేదు.

సబ్బు అందుకుని వాళ్ళ పక్కనే కూర్చున్నాను. ఎవరివో చొక్కాలు ఉతుకుతూ చెప్పాను. ఇంగా తోక గాయం చెప్పాను. చంక కింద కోస్తే పాలు కారిన సంగతి చెప్పాను. అక్కడ ఇద్దరు చంకల్లోని పిల్లల్ని ఇంకొంచెం దగ్గరకు లాక్కున్నారు. పొయ్యి వెయ్యనన్నది చెప్పాను.

"అయితే ఆ పిల్ల ఏడ్చిందని మానలేదా ఆయన?" అంది ఒకామె.

"నా పొయ్యి వెలగలేదని మానాడు."

ఒక ముసలామె ఉతకడం ఆపి అడిగింది. "కొట్టలేదూ నిన్ను?"

"చెయ్యెత్తాడు. కొట్టినా మాంసం ఉడకదు కదా పెద్దమ్మా."

"ఒక్క రోజుకే కుళ్ళిపోయిందా?"

"మర్నాడు మధ్యాహ్నానికి. రాబందులు మా కప్పు మీదే కాపురం పెట్టాయి."

ముసలామె పళ్ళు లేని నోటితో కిలకిలా నవ్వింది. జొవెలీనా నవ్వలేదు. బొబ్బ మీద నీళ్ళు పోసుకుంటూ, "నీకేం వదినా, చెప్పడం తేలికే. మా ఆయన నీ మొగుడిలాంటివాడు కాడు," అంది.

"నా మొగుడు కూడా అప్పుడు ఇప్పటి నా మొగుడిలాంటివాడు కాడు," అన్నాను. "నేను నీకు ధైర్యం చెప్పడానికి రాలేదు. ఆ అగ్గిపెట్టె నీ చేతిలోదని చెప్పడానికి వచ్చాను. వేసుకో, మానుకో, నీ ఇష్టం."

అప్పుడే మలుపులో పడవ కనిపించింది. అంచుల దాకా మునిగి, పక్కకు వాలి వస్తోంది. పడవ పక్కన కట్టేసిన నల్లటి వీపు నీళ్ళను తోసుకుంటూ వస్తోంది, దానికి కదలిక లేదు. ఇంగా కాదని తెలుసు, ఇంగా మా గూటిలో ఉంది. అయినా తోక చూశాను, మచ్చ ఉందేమోనని.

అడెమార్ పడవలో నిలబడి చేతులు నోటికి అడ్డం పెట్టుకుని కేక వేశాడు. "జొవెలీనా, పొయ్యి రాజెయ్యవే. పెద్దది."

ఇళ్ళలోంచి ఆడవాళ్ళు కత్తులు పట్టుకుని బయటికొచ్చారు. రేవులో ఉన్నవాళ్ళందరూ జొవెలీనా వైపు చూశారు. నేను చూడలేదు. చూస్తే నా కళ్ళు బతిమాలతాయి, ఒకరు బతిమాలితే చెప్పిన కాదన్న మాటకు బలం ఉండదు.

పడవ రేవుకు తగిలింది. "వినపడలేదా? ఎండెక్కుతోంది," అన్నాడతను.

జొవెలీనా ముందున్న బుట్టలోంచి ఒక దుప్పటి తీసింది. నీళ్ళలో ముంచి, చెక్క మీద పరిచి, సబ్బు రాయడం మొదలుపెట్టింది. తల ఎత్తలేదు.

"నాకింకా బట్టలున్నాయి," అంది.

ముసలామె దుప్పటి రెండో కొస పట్టుకుంది.